పేద వాగులో బ్రూక్ ట్రౌట్

అక్టోబర్ వచ్చిందంటే వాషింగ్టన్ చుట్టుపక్కల ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు ఉండే మన తెలుగువాళ్ళ కార్లు చాలా వరకు వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్క్ వైపే తిరుగుతాయి. స్కైలైన్ డ్రైవ్ అని కొండల వీపు మీదుగా 105 మైళ్ళ రోడ్డు, రంగు మారిన ఆకులు చూడ్డానికి జనం విరగబడతారు, ఓవర్‌లుక్‌ల దగ్గర పార్కింగ్ కూడా దొరకదు. ఆ రోడ్డుకి అటూ ఇటూ కిందికి దిగే లోయల్లో చిన్న చిన్న వాగులున్నాయి, కొన్ని చోట్ల ఒక్క అంగలో దాటేసేంత సన్నవి, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ వాగుల్లో పొట్ట కింద నారింజ రంగు ఎక్కిన చేపలు గులకరాళ్ళలో గుడ్లు పెట్టుకునే పనిలో ఉంటాయి. అవే బ్రూక్ ట్రౌట్. పైనుంచి ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయే వాళ్ళలో చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు.

వాటి కోసం ఫ్లై అనే బొమ్మ పురుగుని విసిరే ఫ్లై రాడ్ పట్టుకుని రెండు గంటలు డ్రైవ్ చేసి, ఇంకో గంట అడవిలో నడిచి, చివరికి అరచేతిలో పట్టే ఆరు అంగుళాల చేపని పట్టి వెంటనే నీళ్ళలో వదిలేసి వచ్చేవాళ్ళు అమెరికా తూర్పు రాష్ట్రాల్లో బోలెడంతమంది ఉన్నారు. బయటి నుంచి చూస్తే ఇదేం సరదా అనిపిస్తుంది. చేప ఎందుకంత చిన్నది, ఏ ఫ్లై వేసినా ఎందుకు నోరు తెరుస్తుంది, అలా తెరిచే చేప అంత తేలిగ్గా ఎందుకు దొరకదు, రాడ్ ఎందుకు పొట్టిగా ఉండాలి, ఎప్పుడు అసలు వాగులో దిగకూడదు, ఇవన్నీ విడివిడి ప్రశ్నల్లా కనపడతాయి గానీ అన్నిటికీ మూలం ఒక్కటే, ఆ వాగు పేదది. తిండి తక్కువ, రాయి ఎక్కువ, నీళ్ళు చల్లన. ఆ చేప ఇప్పటిదాకా మిగిలింది కూడా ఆ పేదరికం వల్లే.

ముందు చేప సంగతి. ట్రౌట్ అని పిలుస్తారు గానీ అసలు లెక్కన ఇది చార్ అనే తెగ చేప, ఆర్కిటిక్ చార్‌కీ లేక్ ట్రౌట్‌కీ దగ్గర చుట్టం. గుర్తుపట్టడం తేలికే, బ్రౌన్ ట్రౌట్‌కీ రెయిన్‌బో ట్రౌట్‌కీ లేత రంగు ఒంటి మీద ముదురు చుక్కలుంటాయి, చార్‌లకి తిరగేసి ముదురు ఒంటి మీద లేత చుక్కలు. బ్రూక్ ట్రౌట్ వీపు మీద మెలికలు మెలికలుగా గీతలు, పక్కల్లో నీలం వలయం మధ్య ఎర్ర చుక్క, పొట్ట కింది రెక్కల ముందంచున తెల్లటి గీత, దాని వెనకే నల్ల గీత. నీళ్ళలో ముందు కంటపడేది ఆ తెల్ల గీతే, వీపు మాత్రం అడుగు రాళ్ళలో కలిసిపోతుంది. కెనడాలో లాబ్రడార్, క్విబెక్ నుంచి గ్రేట్ లేక్స్ మీదుగా, అపలేచియన్ కొండల వెంబడి జార్జియా ఉత్తరం కొస దాకా దీని సొంతగడ్డ. న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మిషిగన్ ఇలా చాలా రాష్ట్రాలకి ఇదే రాష్ట్ర చేప.

సైజు గురించి చెప్పాలంటే ఇది పుట్టుకతో చిన్న చేపేం కాదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం నిపిగాన్ నదిలో వందేళ్ళకి పైగా కిందట పట్టిన బ్రూక్ ట్రౌట్ 14 పౌండ్ల 8 ఔన్సులు, అంటే ఆరున్నర కిలోలు తూగింది, ఆ రికార్డు ఇప్పటికీ దాని పేరు మీదే ఉంది. అదే జాతి చేప షెనాండోవా వాగులో 9 అంగుళాలు దాటితే పెద్దదాని కిందే లెక్క, చాలావరకు 5 నుంచి 7 అంగుళాల మధ్యే ఉంటాయి, మూడేళ్ళు బతికితే ఎక్కువ. నిపిగాన్‌లో లోతైన నీళ్ళు, తినడానికి చిన్న చేపలు, ఎదగడానికి ఏళ్ళకి ఏళ్ళు. ఇక్కడ మోకాలి లోతు గుంట, పైనుంచి రాలే చీమలు, నాలుగు పురుగులు. కాబట్టి ఇక్కడి చేప త్వరగా పెద్దమనిషి అవుతుంది, రెండో ఏటికే, కొన్నయితే మొదటి ఏడు తిరిగే సరికే గుడ్లకి సిద్ధం. కొన్ని వందల గుడ్లు పెడుతుంది, వాటిలో కొద్ది మాత్రమే మిగులుతాయి. దొరికిన చేప చిన్నదని వాగు బాగోలేదు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, ఆరంగుళాల చేప రంగు తేలి, నిండుగా, చురుగ్గా ఉంటే ఆ వాగు తన శక్తికి తగ్గట్టు సరిగ్గానే పనిచేస్తోందని అర్థం.

పేదరికం ఎక్కణ్ణుంచి వస్తుందంటే రాయి నుంచి. సున్నపురాయి నేల మీద పారే ఏటిలో ఖనిజాలు కరిగి ఉంటాయి, నాచు పెరుగుతుంది, దాని మీద బతికే పురుగులు పెరుగుతాయి, వాటిని తిని చేప పెరుగుతుంది. గ్రానైట్, క్వార్ట్‌జైట్ లాంటి గట్టి రాళ్ళ మీద పారే కొండ నీళ్ళలో కరిగేదే తక్కువ, వానచినుకుకీ ఆ నీళ్ళకీ పెద్ద తేడా ఉండదు. పైగా చెట్ల గొడుగు కింద ఎండ తగలక నాచు కూడా అంతంతే. ఇలాంటి చోట తిండి సగం చెట్ల మీద నుంచే పడాలి, రాలిన ఆకుల్ని తిని బతికే స్టోన్‌ఫ్లై, క్యాడిస్ పిల్లపురుగులు కొన్ని, మార్చి ఏప్రిల్‌లో మేఫ్లైలు కొన్నాళ్ళు, ఎండాకాలంలో చీమలు, పెంకు పురుగులు, దారం పట్టుకుని వేలాడే ఆకుపచ్చ గొంగళ్ళు. అందుకే నీళ్ళ మీద ఏదైనా తేలుతూ వస్తే వదలడం దీనికి కుదరదు. ఆ పురుగు మంచిదా కాదా అని తేల్చుకునే లోపు గుంట దాటి పోతుంది, ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు.

అయితే ఈ చేపలు మొదట్నించీ కొండ కొసన్నే ఉండేవి కాదు, ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే బ్రూక్ ట్రౌట్ అంటే పైకొండ చిట్టి వాగుల చేప అనే ఊహ బాగా పాతుకుపోయింది. పూర్వం కింది లోయల్లో, పెద్ద ఏరుల్లో, లాంగ్ ఐలాండ్ ఊటకాలవల్లో కూడా ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడవులు కొట్టేశారు, నరికిన దుంగల్ని ఏటికి కట్ట కట్టి ఒక్కసారిగా నీళ్ళు వదిలి కిందికి తోసేవాళ్ళు, దాంతో ఏటి అడుగంతా చెక్కుకుపోయేది. నీడ పోయింది, నీళ్ళు వేడెక్కాయి, మట్టి వచ్చి గుడ్లు పెట్టే గులకని కప్పేసింది. చేపలు తగ్గిపోయాయని బయటి చేపల్ని తెచ్చి వదిలారు, కాలిఫోర్నియా నుంచి రెయిన్‌బో, 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు. బ్రౌన్ ట్రౌట్ కాస్త వేడి నీళ్ళు కూడా తట్టుకుంటుంది, పెద్దదవుతుంది, బ్రూక్ ట్రౌట్ పిల్లల్ని తినేస్తుంది. టెనెసీ, నార్త్ కరోలినా మధ్య ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో రెయిన్‌బోలు కింది నుంచి ఒక్కో గుంట ఆక్రమించుకుంటూ పైకి ఎక్కాయి, ఆగింది ఎక్కడంటే దూకలేని జలపాతం దగ్గర. ఆ జలపాతం పైన మిగిలినవే ఇవాళ్టి బ్రూక్ ట్రౌట్. అంటే ఇప్పుడు మనం అడవిలో నడిచి వెళ్ళి చూసేది వాటి అసలు ఊరు కాదు, వాటికి మిగిలిన చోటు. మిగతా చేపలకి పనికిరానంత చల్లన, సన్నన, తిండి లేని వాగు కాబట్టి దీనికి దక్కింది.

స్మోకీస్ పార్క్‌లో 1970ల్లో బ్రూక్ ట్రౌట్ పట్టడమే మానిపించేశారు, మళ్ళీ 2006లో గానీ తెరవలేదు. కొన్ని వాగుల్లో జలపాతానికి పైన కూడా మనుషులు వదిలిన రెయిన్‌బోలన్నిటినీ మందు వేసి తీసేసి, పక్క వాగుల నుంచి స్థానిక బ్రూక్ ట్రౌట్‌ని మోసుకొచ్చి వదిలారు, లిన్ క్యాంప్ ప్రాంగ్ అనే వాగు అలాగే తిరిగొచ్చింది. ఇది ఏళ్ళ తరబడి పట్టే పని, ఒక్క రెయిన్‌బో జంట మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక పట్టడం సంగతికొద్దాం. మన దగ్గర గాలం అంటే ఎర, కొరమీనుకి కప్పని గుచ్చుతాం, మిగతావాటికి వానపాము, పిండి ముద్ద, ఎర బరువో సీసం బరువో దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో లెక్క తలకిందులు. ఫ్లై అంటే చిన్న కొక్కేనికి ఈకలు, జంతువుల వెంట్రుకలు, దారం చుట్టి పురుగులా కట్టింది, దానికి బరువే ఉండదు, విసిరితే రెండడుగులు కూడా పోదు. అందుకని బరువు లైన్‌లోనే పెట్టారు. లావుగా, పైపూత వేసిన లైన్‌ని రాడ్ వంపుతో గాలిలో మడత విప్పుతూ పంపితే ఆ విప్పుకునే లైన్ కొసన, సన్నటి నైలాన్ లీడర్ చివర ఫ్లై మెల్లిగా నీళ్ళ మీద వాలుతుంది. పెద్ద నదిలో 50, 60 అడుగులు వేసే వాళ్ళుంటారు. ఇక్కడ 15 అడుగులంటే చాలా దూరం.

చిన్న వాగుకి రాడ్ ఆరున్నర నుంచి ఏడున్నర అడుగులు, తేలికపాటి 3 వెయిట్ లైన్, లీడర్ ఏడడుగులు చాలు, కొసన 5ఎక్స్ టిప్పెట్, అంటే ఫ్లైని కట్టే సన్నటి దారం. అంత పొట్టి రాడ్ ఎందుకంటే నెత్తి మీద కొమ్మలు, వెనక మౌంటెన్ లారెల్ పొదలు, రాడ్ వెనక్కి ఊపే జాగానే ఉండదు. అందుకే వెనక్కి పోకుండా నీళ్ళ మీద నుంచే లైన్‌ని చుట్టలా దొర్లించి పంపే రోల్ క్యాస్ట్ ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఇంకా ఇరుకుగా ఉంటే ఫ్లైని వేళ్ళతో పట్టుకుని రాడ్‌ని విల్లులా వంచి వదిలేసే పద్ధతి ఒకటుంది, చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది గానీ కొమ్మ కింద పది అడుగుల దూరంలో ఫ్లైని సరిగ్గా పెట్టడానికి దాన్ని మించింది లేదు. జపాన్ కొండ వాగుల్లో పుట్టిన తెంకారా పద్ధతి కూడా ఇక్కడికి బాగా సరిపోతుంది, రీల్ ఉండదు, పొడుగాటి రాడ్ కొసకి కట్టిన లైన్ అంతే, లైన్‌ని నీళ్ళకి తగలకుండా పైకెత్తి పట్టుకుని ఒక్క ఫ్లైనే గుంటలో ఆడించొచ్చు. కొమ్మలు మరీ కిందికి ఉంటే మాత్రం ఆ పొడుగే ఇబ్బంది. రాడ్ ఏదైనా సరే, ఖరీదుకీ దొరికే చేపలకీ సంబంధం ఈ వాగుల్లో చాలా తక్కువ.

ఫ్లై ఎంపిక గురించి పేజీలకి పేజీలు చదవాల్సిన పని అంతకన్నా లేదు. సున్నపు నేల ఏరుల్లో బాగా తిండి దొరికే బ్రౌన్ ట్రౌట్ ఒక రకం మేఫ్లై దిగుతున్నప్పుడు ఇంకో రకాన్ని ముట్టదు, రంగు తేడా వచ్చినా ముట్టదు. పేద వాగు చేపకి ఆ సుఖం లేదు. 14 నెంబరు కొక్కెం మీద తేలేదీ, పట్టేవాళ్ళ కంటికి ఆనేదీ అయితే చాలు. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఆడమ్స్, ఎల్క్ వెంట్రుకల క్యాడిస్, తెల్ల రెక్కల రాయల్ వుల్ఫ్, షెనాండోవా దగ్గరే హారీ మర్రే కట్టిన మిస్టర్ ర్యాపిడాన్, వీటిలో ఏదో ఒకటి చాలు. రాయల్ వుల్ఫ్ ఏ పురుగుకీ నకలు కాదు, ఎర్రపట్టు నడుము, నెమలి ఈక పోగులు, తెల్లటి రెక్కలు, ప్రకృతిలో అలాంటిది లేదు, అయినా దశాబ్దాలుగా పనిచేస్తూనే ఉంది. నురుగులో, నీడలో అది కనపడుతుంది, చేపకీ మనిషికీ ఇద్దరికీ.

మరి అంత అమాయకమైన చేప దొరక్కపోవడం ఏంటి? పేద వాగులో నీళ్ళు అద్దంలా ఉంటాయి, లోతు ఉండదు, దాక్కునే చోటు తక్కువ, పైనుంచి కింగ్‌ఫిషర్, కొంగ, పక్క నుంచి మింక్, కింద నుంచి నీటి పాము, నీడ కదిలితే పారిపోని చేప ఎప్పుడో పోయింది, మిగిలినవన్నీ పారిపోయేవే. తిండి విషయంలో అనుమానం పెట్టుకోలేని చేప భద్రత విషయంలో మాత్రం అస్సలు రాజీపడదు. అందువల్ల ఈ వేటలో నైపుణ్యం అంతా ఫ్లై నీళ్ళ మీద పడక ముందే అయిపోతుంది. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు చూస్తూ నిలబడుతుంది, తిండి అటునుంచే వస్తుంది కాబట్టి. అందుకే కింద నుంచి పైకి నడవాలి, దాని వెనక నుంచి. గుంట అంచుకి వచ్చి నిలబడి చూస్తే అయిపోయినట్టే, మోకాళ్ళ మీద వంగి, బండరాయి చాటున, వెనక చెట్టు మొద్దు ఉండేలా చూసుకుని ఆగాలి. నీళ్ళలోంచి బయటికి చేపకి కనపడేది పైన ఒక గుండ్రటి కిటికీలోంచే, దాని అంచున, అంటే బాగా కిందుగా ఉన్నవి నలిగి, మసగ్గా కనపడతాయి, మనిషి ఎంత వంగితే ఆ అంచులోకి అంత తగ్గుతాడు. ముదురాకుపచ్చ, బూడిద రంగు చొక్కా వేసుకోమనేది అందుకే. నీళ్ళలో దిగకుండా పని జరిగితే దిగకపోవడమే మంచిది, కదిలిన రాయి చప్పుడు పై గుంట దాకా పోతుంది.

గుంటని చదవడం ఇంకో ఎత్తు. ఈ కొండ వాగులు మెట్లు మెట్లుగా దిగుతాయి, రాయి మీద నుంచి పడుతున్న చిన్న ధార, కింద నురుగు, తర్వాత నెమ్మదించిన నీళ్ళు, మళ్ళీ అంచు దగ్గర పలచబడి తర్వాతి మెట్టుకి జారుతుంది. ధార పడే చోటికి పక్కన, నురుగు గీత వెంబడి పెద్ద చేప ఉంటుంది, ఎందుకంటే పై నుంచి కొట్టుకొచ్చే తిండంతా ముందు దాని నోటి ముందు నుంచే పోతుంది, పక్కనే నెమ్మది నీళ్ళు ఉండి నిలబడ్డానికి శ్రమ ఉండదు. గుంట కింది అంచున, పలచటి నీళ్ళలో చిన్న చేపలు. అసలు తిప్పలు వీటితోనే, నురుగులోకి ఫ్లై వేయాలని చూసుకుంటూ కింది అంచు మీద అడుగు పెడితే నాలుగంగుళాల పిల్ల బాణంలా పైకి దూసుకుపోతుంది, దాన్ని చూసి గుంటలో ఉన్నవన్నీ రాళ్ళ కిందికి దూరిపోతాయి. కాబట్టి మొదటి క్యాస్ట్ ఎప్పుడూ కింది అంచుకి, తర్వాత మధ్యకి, ఆఖరుకి ధార పక్కకి. రెండు మూడు మంచి క్యాస్టులకి రాకపోతే పై గుంటకి వెళ్ళిపోవడమే, ఆకలిగా ఉన్న చేప మొదటిసారికే వస్తుంది, రానిది మనల్ని చూసే ఉంటుంది.

ఫ్లై నీళ్ళతో పాటే, అదే వేగంతో రావాలి, లైన్ పక్క ప్రవాహంలో చిక్కి ఫ్లైని ఈడిస్తే చేప ఆగిపోతుంది, పురుగులు అలా గీత గీసుకుంటూ ప్రయాణం చెయ్యవు కదా. అందుకే రాడ్ పైకెత్తి లైన్‌ని వీలైనంత నీళ్ళకి తగలనివ్వరు, ఫ్లై, ఒకటి రెండడుగుల లీడర్ మాత్రమే తగులుతుంది. అలా రెండు సెకన్లు వస్తే చాలు ఇక్కడ. చేప కింద నుంచి మెరుపులా వచ్చి పట్టుకుని, ఈకలని తెలిసిన క్షణంలోనే ఊసేస్తుంది, ఆ మధ్యలో మణికట్టు కొంచెం ఎత్తాలి. గట్టిగా లాగితే ఆరంగుళాల చేప గాలిలో ఎగిరి వెనక పొదలో పడుతుంది, పాపం అలా పోయే చేపలు కొత్తవాళ్ళ చేతుల్లో ఎన్నో.

పట్టాక ఏం చెయ్యాలి అనేది కూడా వాగు పేదరికమే చెబుతుంది. వంద గజాల్లో ఉండేవి కొన్ని పదుల పెద్ద చేపలు, అవే వచ్చే ఏటి గుడ్లకి ఆధారం. షెనాండోవా పార్క్‌లో ఎర వాడకూడదు, ఒంటి కొక్కెం ఉన్న కృత్రిమ ఎరలే, పదహారేళ్ళు నిండినవాళ్ళకి వర్జీనియా ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి, కొన్ని వాగుల్లో పట్టింది వదిలేయాల్సిందే. రూల్ అక్కర్లేకపోయినా కొక్కెం ముల్లుని శ్రావణంతో నొక్కేస్తే చేప నోట్లోంచి చిటికెలో వచ్చేస్తుంది. చెయ్యి ముందు తడుపుకోవాలి, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడి వస్తుంది, ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్షణ. ఫోటో అని చెప్పి బండ మీద పడుకోబెట్టడం మాత్రం క్షమించరాని పని, నీళ్ళలోనే ఉంచి తీసుకోవచ్చు.

జేబులో ఫ్లైల డబ్బా కన్నా ముఖ్యమైనది థర్మామీటర్. ఈ చేపకి 11 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ నీళ్ళు హాయి, 20 దాటితే ఊపిరికే కష్టం, 25 దగ్గరకొస్తే చావే. చల్లటి నీళ్ళే ఎక్కువ ఆక్సిజన్‌ని పట్టి ఉంచుతాయి, సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 11 మిల్లీగ్రాములు పడితే 25 డిగ్రీలకి 8 చిల్లరే, పైగా వేడెక్కేకొద్దీ చేప ఒంటికి కావాల్సింది పెరుగుతుంది. 20 డిగ్రీల నీళ్ళలో పట్టి జాగ్రత్తగా వదిలిన చేప ఈదుకుంటూ వెళ్ళినట్టే కనపడుతుంది, రాయి కిందికి పోయి చచ్చిపోవచ్చు, అది వదిలినవాళ్ళకి తెలియదు. కాబట్టి జులై ఆగస్టుల్లో నీళ్ళు 18 చూపిస్తే రాడ్ మడిచేయడం న్యాయం. అక్టోబర్ నవంబర్‌లో ఇంకో జాగ్రత్త, ఆడచేప తోకతో గులకని ఊడ్చి గుంట చేసి గుడ్లు పెట్టి మళ్ళీ గులకతో కప్పుతుంది, భూమిలోంచి నీరు ఉబికే చోటు వెతుక్కుని మరీ, ఎందుకంటే ఆ ఊటనీరు చలికాలంలో గడ్డకట్టదు, గుడ్లకి ఆక్సిజన్ అందుతూ ఉంటుంది. చుట్టూ నాచు పట్టిన రాళ్ళ మధ్య శుభ్రంగా కడిగినట్టు తెల్లగా కనపడే గులక మచ్చ అదే. పిల్లలు బయటికొచ్చేది వసంతం మొదట్లో, అప్పటిదాకా అక్కడ బూటు పెడితే కింద గుడ్లు చితికిపోతాయి.

ఈ వాగుల ఆకర్షణ అమెరికా అధ్యక్షుడికి కూడా తగిలింది. హెర్బర్ట్ హూవర్ 1929లో సెలవుల క్యాంపుకి చోటు వెతికిస్తూ పెట్టిన షరతులు మూడు, వాషింగ్టన్‌కి 100 మైళ్ళ లోపు ఉండాలి, దోమలు రాని 2,500 అడుగుల ఎత్తు ఉండాలి, ట్రౌట్ వాగు ఉండాలి. మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అనే రెండు వాగులు కలిసి ర్యాపిడాన్ నదిగా మారే చోట ఆ క్యాంపు కట్టారు, ఇప్పుడది పార్క్‌లో భాగం, నడిచి వెళ్ళి చూడొచ్చు, పక్కన ఆ నీళ్ళలో బ్రూక్ ట్రౌట్ ఇప్పటికీ ఉన్నాయి.

పేదరికం కాపాడింది అన్నాం గానీ అదే ఒక చోట ప్రాణం మీదకి తెచ్చింది. బొగ్గు కాల్చే పవర్ ప్లాంట్ల పొగలోని గంధకం వానతో కలిసి ఆమ్లంగా పడితే సున్నపు నేల దాన్ని విరిచేస్తుంది, గట్టి రాయికి ఆ శక్తి లేదు. షెనాండోవాలో ఇది కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది, ఎందుకంటే ఒకే పార్క్‌లో మూడు రకాల రాళ్ళున్నాయి, పాత లావా గడ్డకట్టిన బసాల్ట్, గ్రానైట్, పడమటి వైపు క్వార్ట్‌జైట్. బసాల్ట్ మీది వాగులు తట్టుకున్నాయి, గ్రానైట్‌వి మధ్యస్థం, క్వార్ట్‌జైట్ వాగుల్లో చేప రకాలే తగ్గిపోయాయి. వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు 1979 నుంచి ఈ నీళ్ళని కొలుస్తూనే ఉన్నారు. బ్రూక్ ట్రౌట్ మిగతా చేపల కన్నా ఆమ్లానికి ఓర్చుకుంటుంది, బ్లాక్‌నోస్ డేస్ అనే చిన్న చేప పోయాక కూడా ఇది మిగులుతుంది, కానీ ఆమ్లం బాగా పెరిగి పీహెచ్ 5 కన్నా కిందికి జారితే మట్టిలోంచి అల్యూమినియం కరిగి పిల్లల మొప్పలకి పడుతుంది. వర్జీనియాలోనే ఉన్న సెయింట్ మేరీస్ నదిని బతికించడానికి 1999లో హెలికాప్టర్‌తో సున్నపురాయి పొడి వేయాల్సి వచ్చింది. 1990 క్లీన్ ఎయిర్ చట్ట సవరణల తర్వాత పొగ తగ్గింది గానీ ఏళ్ళ తరబడి నేలలో పేరుకున్న గంధకం ఇంకా నెమ్మదిగా దిగుతూనే ఉంది.

నీడ సంగతి కూడా అంతే. వాగుల పక్కన చిక్కటి నీడనిచ్చే హెమ్లాక్ చెట్లు ఆసియా నుంచి వచ్చిన అడెల్జిడ్ అనే చిన్న పురుగు వల్ల షెనాండోవాలో చాలా వరకు చచ్చిపోయాయి. పార్క్ బయట అయితే ఇళ్ళు, రోడ్లు, పార్కింగ్ లాట్లు. మేరీలాండ్ సర్వేల్లో తేలింది ఏంటంటే వాగుకి నీళ్ళొచ్చే మొత్తం నేలలో 4 శాతం మించి కప్పులూ తారూ సిమెంటూ పడితే అక్కడ బ్రూక్ ట్రౌట్ దాదాపు కనపడదు. నాలుగు శాతమంటే ఊరు కూడా కాదు, విసిరేసినట్టుండే కొన్ని ఇళ్ళు, ఒక రోడ్డు. ఎండకి కాలిన తారు మీద నుంచి ఒక జులై వాన వాగులోకి దిగితే చాలు. మనవాళ్ళు ఉండే సబ్‌డివిజన్ల కింద పూడిపోయిన, పైపుల్లోకి వెళ్ళిపోయిన ఊటకాలవల్లో కూడా ఒకప్పుడు ఈ చేప ఉండే అవకాశం లేకపోలేదు.

ఇదే చేప రాకీ పర్వతాల వైపు మాత్రం ఆక్రమణదారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తూర్పు నుంచి తీసుకెళ్ళి అక్కడి వాగుల్లో వదిలారు, ఇప్పుడది అక్కడి కట్‌థ్రోట్ ట్రౌట్‌ని, బుల్ ట్రౌట్‌ని తోసేస్తోంది, కొన్ని చోట్ల పట్టిన బ్రూక్ ట్రౌట్‌ని వదలకుండా తినేయమని ప్రోత్సహిస్తారు కూడా. వర్జీనియాలో వదిలెయ్యడం, ఆ పడమటి వాగుల్లో వండుకోవడం, రెండూ ఒకే న్యాయం కిందకొస్తాయి.

చిన్న వాగుల పేర్లు ఫోటోతో సహా ఆన్‌లైన్‌లో పెట్టే అలవాటు ఈ మధ్య పెరిగింది, అది మానుకోవాలి. ర్యాపిడాన్ లాంటి పేరున్న నది వేరు, దానికి కాపలా ఉంది, రూల్స్ ఉన్నాయి. రెండు మైళ్ళ పొడుగు వాగు వారానికి ఇరవై మందిని మొయ్యలేదు.

అలాగని ఈ చేప గాజుబొమ్మేం కాదు. 1995 జూన్‌లో వర్జీనియా మ్యాడిసన్ కౌంటీలో కుండపోత వానలకి కొండచరియలు జారి, బండలూ చెట్లూ బురదా కలిసి షెనాండోవాలోని స్టాంటన్ నది లోయని కిందిదాకా గీరేశాయి, ఆ మేర ఒక్క బ్రూక్ ట్రౌట్ మిగల్లేదు. రెండు మూడేళ్ళలో అదే చోట మళ్ళీ నిండుగా చేపలు, దెబ్బ తగలని పై భాగం కన్నా అక్కడివే త్వరగా పెరిగాయి కూడా. అంత త్వరగా ఎలా కోలుకుందంటే చరియ తగలని పైవాగులో చేపలు మిగిలాయి, అవి కిందికి రావడానికి మధ్యలో అడ్డేమీ లేదు, ఏడాది రెండేళ్ళకే గుడ్లు పెట్టే చేప కాబట్టి ఖాళీని నింపేసింది. ఇదే దెబ్బ రోడ్డు కింద కల్వర్ట్ పైపు ఉన్న వాగుకి తగిలితే కథ వేరు. పైపు కింది కొస నీళ్ళకి రెండడుగుల ఎత్తున వేలాడుతుంటే ఆరంగుళాల చేప ఎక్కలేదు, పైపుకి పైన ఒకసారి ఖాళీ అయితే ఖాళీయే. అందుకే ఇప్పుడు ట్రౌట్ అన్‌లిమిటెడ్ లాంటి సంస్థలు, ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళు చేప పిల్లల్ని తెచ్చి వదిలే కార్యక్రమాల కన్నా అలాంటి పైపుల్ని పీకి, అడుగున వాగు గులకే ఉండేలా వెడల్పాటి వంతెనలు కట్టడం మీద డబ్బు పెడుతున్నారు.